‘అన్‌ఫిట్’ ముద్ర: సబ్హాన్ పరీక్షా కేంద్రం, హెచ్‌ఐవీ, తెలుగు వలస

కువైట్ నగరానికి దక్షిణాన, విమానాశ్రయానికి చేరువలో ఉన్న పారిశ్రామిక వాడ సబ్హాన్. పాల ఉత్పత్తుల కర్మాగారాలు, అచ్చు యంత్రాలు, గోదాములు, కార్ఖానాలతో నిండిన చోటు ఇది. ఇక్కడ కాపురం ఉండేవాళ్లకంటే పొద్దున బస్సుల్లో దిగి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. కడప, రాజంపేట, రాయచోటి, నరసాపురం, రాజోలు ప్రాంతాల నుంచి కువైట్ చేరిన తెలుగువాళ్లలో కొందరికి ఈ పేరు పనిచోటుగా తెలుసు, మరికొందరికి ‘మెడికల్’ వల్ల తెలుసు. వలస కార్మికుల ఆరోగ్య పరీక్షల కోసం కువైట్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ నడిపే కేంద్రాల్లో షువైఖ్‌లోది పెద్దది. సబ్హాన్‌లోనూ అలాంటి కేంద్రం ఉంది. కొత్తగా దేశంలో అడుగుపెట్టిన కార్మికుడు ఇలాంటి కేంద్రం వాకిట్లో వరుసలో నిలబడి రక్తం ఇవ్వాలి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. ఆ ఫలితం బాగుంటేనే అకామా, అంటే నివాస అనుమతి, మంజూరవుతుంది. అకామా లేనిదే సివిల్ ఐడీ లేదు, బ్యాంకు ఖాతా లేదు, చట్టం కంట్లో ఆ మనిషికి ఉనికే లేదు.

ఇది రెండో పరీక్ష. మొదటిది ఇంటి దగ్గరే, హైదరాబాదులోనో చెన్నైలోనో, గల్ఫ్ దేశాలు గుర్తించిన ప్రైవేటు కేంద్రంలో జరిగిపోయి ఉంటుంది. రెండు చోట్లా వెతికే జబ్బులు దాదాపు ఒకటే: క్షయ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా, ఫైలేరియా, హెచ్‌ఐవీ. రెండు చోట్లా తీర్పు కూడా ఒకే మాటలో వస్తుంది, ఫిట్ లేదా అన్‌ఫిట్. కువైట్‌లో హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలిన విదేశీయుడికి అకామా రాదు, వెనక్కి పంపేస్తారు. అదే వైరస్ సోకిన కువైట్ పౌరుడికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం అందుతుంది. జబ్బు ఒకటే అయినా పాస్‌పోర్టును బట్టి ఒకరికి మందు దక్కుతోంది, మరొకరికి తిరుగు విమానం టికెట్టు దక్కుతోంది.

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి ఎదురయ్యే అవమానాన్ని గురించి రాసేటప్పుడు సాధారణంగా మూఢనమ్మకాన్ని, చదువు లేకపోవడాన్ని నిందిస్తారు. గల్ఫ్ వలస చరిత్ర చూస్తే ఆ వివరణ సగమే అనిపిస్తుంది. ఊరి భయం నిజమే, దానికి బలం ఇచ్చింది మాత్రం కాగితం. చదువుకున్నవాళ్లు రాసిన నిబంధనలూ ప్రయోగశాలల ఫలితాలూ కార్యాలయాల ముద్రలూ కలిసి, ఒక వైరస్‌ను మనిషి యోగ్యత మీద తీర్పుగా మార్చాయి.

ఈ విషయంలో రెండు మాటలను విడివిడిగా పట్టుకోవాలి. మొదటిది కళంకం, రెండోది వివక్ష. ఒక లక్షణం కారణంగా మనిషి మొత్తాన్ని తక్కువగా చూడటం కళంకం. అది చూపులో, మాటలో, మౌనంలో ఉంటుంది. సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ఈ విషయం మీద రాసిన పుస్తకం ఆ తర్వాతి పరిశోధనలన్నిటికీ పునాది అయింది. పూర్వం గ్రీసులో బానిసల ఒంటి మీద, నేరస్థుల ఒంటి మీద వేసిన గుర్తుకు ఉన్న పేరునే ఆయన తన పుస్తకానికి పెట్టుకున్నాడు. కళంకం చేతల్లోకి దిగితే వివక్ష అవుతుంది. ఉద్యోగం తీసేయడం, ఇల్లు ఖాళీ చేయించడం, కాన్పు చేయననడం, పిల్లవాడిని బడి మాన్పించడం, సరిహద్దు దాటనివ్వకపోవడం, ఇవన్నీ వివక్షే. మూడోది కూడా ఉంది, అది అన్నిటికంటే లోతైనది. చుట్టూ ఉన్నవాళ్లు అనే మాటను మనిషి తానే నమ్మి, తనను తాను వెలివేసుకోవడం. మందు ఉచితంగా దొరికే ఊళ్లో కూడా ఆసుపత్రి గడప ఎక్కని మనిషిని ఆపుతున్నది చాలాసార్లు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఎయిడ్స్ కార్యక్రమాన్ని నడిపిన జొనాథన్ మాన్ 1987లోనే ఈ మహమ్మారిని మూడుగా విడదీసి చూపాడు. చడీచప్పుడు లేకుండా పాకే వైరస్ మొదటిది, ఏళ్ల తర్వాత బయటపడే జబ్బు రెండోది, దానికి సమాజం స్పందించే తీరు మూడోది. ఈ మూడోదాన్ని కూడా ఆయన మహమ్మారిలో భాగంగానే లెక్కించాడు.

తెలుగు నేలకు సమాజ స్పందన అనే ఈ మూడోది కొత్త కాదు. కుష్ఠును ‘పెద్దరోగం’ అనేవారు, పేరు పెట్టి పిలవడానికి కూడా జంకేవారు. బ్రిటిష్ ప్రభుత్వం 1898లో చేసిన కుష్ఠురోగుల చట్టం బీదవాడైన రోగిని వారెంటు లేకుండానే పట్టుకుని ఆశ్రమానికి పంపే అధికారం పోలీసులకు ఇచ్చింది. ఆ చట్టం రద్దయింది 2016లో. కుష్ఠును పూర్తిగా నయం చేసే బహుళ ఔషధ చికిత్స 1980లలోనే వచ్చినా, చట్టం మరో ముప్పై ఏళ్లకు పైగా పుస్తకాల్లో బతికింది. సుఖవ్యాధుల సంగతి చూస్తే, మద్రాసు ప్రెసిడెన్సీ కంటోన్మెంట్లలో ‘లాక్ హాస్పిటల్’ అనేవి నడిచాయి. సైనికులకు జబ్బు అంటకుండా ఉండాలని వేశ్యావృత్తిలోని ఆడవాళ్లను బలవంతంగా పరీక్షించి వాటిలో నిర్బంధించేవారు. వాళ్ల దగ్గరికి వచ్చిన సైనికుడికి ఆ నిర్బంధం లేదు. పరీక్ష ఎప్పుడూ తిరగబడలేనివాళ్ల ఒంటి మీదే మొదలవుతుందనడానికి ఇది పాత సాక్ష్యం.

వలస వెళ్లే తెలుగువాడి ఒంటిని గుమ్మం దగ్గర తనిఖీ చేయడం కూడా పాత పద్ధతే. 1830ల నుంచి మారిషస్ చెరకు తోటలకు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి మద్రాసు రేవు మీదుగా తెలుగు కూలీలు వెళ్లారు. ఓడ ఎక్కే ముందు డిపోలో ఉంచి వైద్యుడితో పరీక్ష చేయించేవారు. పనికి పనికొస్తాడని ఆయన రాసి ఇస్తేనే ప్రయాణం. ఆ పరీక్ష కూలీ మేలు కోసం పుట్టినది కాదు. దారిలో చనిపోతే, దిగాక పని చేయలేకపోతే నష్టం తోట యజమానిది కాబట్టి పుట్టింది. పనికిరాడని తేల్చినవాడికి వైద్యం చేయించే పూచీ ఆ వ్యవస్థకు లేదు, ఇంటికి పంపేస్తే సరి. శతాబ్దం దాటాక గల్ఫ్ వైద్య పరీక్షలో యంత్రాలు మారాయి గానీ, ఈ ఆలోచన పెద్దగా మారలేదు.

హెచ్‌ఐవీ కథ 1981 జూన్ 5న అమెరికాలో అరుదైన న్యుమోనియా సోకిన అయిదుగురు యువకుల గురించి వెలువడిన చిన్న నివేదికతో మొదలవుతుంది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు వైరస్‌ను వేరుచేశారు. 1985లో రక్తపరీక్ష అందుబాటులోకి వచ్చింది. మొదట అది రక్తనిధుల్లోని సీసాలను పరీక్షించడానికి వచ్చిన సాధనం. రెండేళ్లు తిరక్కుండానే సరిహద్దుల్లో మనుషులను వడపోయడానికి వాడటం మొదలైంది. 1987లో అమెరికా హెచ్‌ఐవీ ఉన్న విదేశీయుల ప్రవేశాన్ని నిషేధించింది. మరెన్నో దేశాలు ఆ దారి పట్టాయి. అప్పటికి సరైన మందు లేదు. కరచాలనంతో, పళ్లెంతో, దోమతో వస్తుందన్న భయాలు పత్రికల్లోనే కనిపించేవి. వైరస్ సోకే దారులు అరక్షిత లైంగిక సంబంధం, రక్తం, సూదులు, తల్లి నుంచి బిడ్డ మాత్రమేనని శాస్త్రానికి అప్పటికే స్పష్టమైనా, విధానాలు శాస్త్రాన్ని కాక భయాన్ని అనుసరించాయి.

భారతదేశంలో 1986లో మద్రాసు వైద్యురాలు సునీతి సోలోమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న నిర్మల కలిసి వేశ్యావృత్తిలో ఉన్న సుమారు వందమంది మహిళల రక్త నమూనాలు సేకరించారు. వాటిని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షిస్తే ఆరింటిలో వైరస్ జాడ కనిపించింది. దేశం వెంటనే దానిని ‘చెడ్డవాళ్ల జబ్బు’గా చదువుకుంది. 1989లో గోవాలో రక్తదానం చేసిన డొమినిక్ డిసౌజా అనే యువకుడిని పోలీసులు తీసుకెళ్లి, మూతబడిన క్షయ శానిటోరియంలో 64 రోజులు నిర్బంధించారు. తనకు హెచ్‌ఐవీ ఉందని ఆయనకు ఎవరూ సరిగా చెప్పలేదు. కోర్టుకెక్కి బయటికి వచ్చిన ఆయన బాధితుల కోసం సంస్థ పెట్టి 1992లో చనిపోయాడు. అదే 1989లో పార్లమెంటు ముందుకు వచ్చిన ఎయిడ్స్ నివారణ బిల్లు కూడా నిర్బంధం దారిలోనే నడిచింది. నిరసనలు పెరిగాక 1992లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాదే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది.

భారతదేశం నిర్బంధపు బిల్లును వదులుకున్న ఆ 1992లోనే కువైట్ ఎయిడ్స్ నివారణ కోసం 62వ నంబరు చట్టం తెచ్చింది. సందర్భం గుర్తుంచుకోదగినది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. అక్కడి భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ చేరితే, ఎయిరిండియా అమ్మాన్ నుంచి 488 విమానాల్లో లక్షమందికి పైగా జనాన్ని రెండు నెలల్లో స్వదేశానికి చేర్చింది. కట్టుబట్టలతో దిగినవాళ్లలో కడప, గోదావరి జిల్లాల వాళ్లు ఎందరో. 1991 ఫిబ్రవరిలో విముక్తి తర్వాత కువైట్ తన శ్రామిక జనాన్ని కొత్తగా కూర్చుకుంది. యుద్ధానికి ముందు పెద్ద సంఖ్యలో ఉన్న పాలస్తీనీయుల స్థానం చాలావరకు దక్షిణాసియా వాళ్లది అయింది. భారతీయులు క్రమంగా అక్కడి అతిపెద్ద విదేశీ సమూహంగా ఎదిగారు. చట్టం, వలస రెండూ ఒకే కాలంలో పెరిగాయి. వడపోత యంత్రం బిగించిన వేళకే తెలుగు పల్లెల నుంచి జనప్రవాహం ఉద్ధృతమైంది.

గల్ఫ్ సహకార మండలి దేశాలు ఆరూ వలస కార్మికుల వైద్య పరీక్షలకు ఉమ్మడి నియమావళి రాసుకున్నాయి. దాన్ని అమలుచేసే కేంద్రాల సంఘాన్ని తెలుగువాళ్లు చాలాకాలం ‘గామ్కా’ అని పిలిచారు, ఇప్పుడు ఆ ఏర్పాటు పేరు ‘వాఫిద్’. అరబ్బీలో వాఫిద్ అంటే వచ్చినవాడు, పరదేశి. అభ్యర్థి ముందు స్లిప్పు తీసుకోవాలి, అందులో రాసిన కేంద్రానికే వెళ్లాలి. ఫలితం కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. ఒక కేంద్రంలో అన్‌ఫిట్ అయినవాడు మరో ఊళ్లో కొత్తగా ప్రయత్నించినా పాత ఫలితం ఎదురవుతుంది. ఊళ్లో దీన్ని ‘మెడికల్ కొట్టేశారు’ అంటారు.

ఆ మాట వెనుక ఉన్న లెక్క బయటివాళ్లకు తెలియదు. వీసా రావడానికి ముందే కుటుంబం చాలా ఖర్చుపెట్టి ఉంటుంది. ఏజెంటుకు బయానా, పాస్‌పోర్టుకు, పట్నం ప్రయాణానికి, మెడికల్ రుసుముకు డబ్బు కావాలి. బంగారం కుదువపెట్టినవాళ్లు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాళ్లు ఉంటారు. పద్దెనిమిది నంబరు వీసా కంపెనీ పనికి, ఇరవై నంబరు వీసా ఇంటిపనికి. ఏదైనా సరే మెడికల్ పోతే అంతా పోయినట్టే. కాబట్టి హెచ్‌ఐవీ ఉందని తెలియడం ఆ క్షణంలో మూడు దెబ్బలుగా తగులుతుంది. జబ్బు వార్త, అప్పు, ఊరికి చెప్పుకోవలసిన సంజాయిషీ ఒకేసారి మీదపడతాయి. ఇందులో మొదటిదానికి మందు ఉంది. మిగతా రెండింటికీ ఏ ఆసుపత్రిలోనూ విభాగం లేదు.

అన్‌ఫిట్ అనే మాటలోనే పెద్ద అన్యాయం దాగి ఉంది. ఎప్పుడో నయమైన క్షయ ఊపిరితిత్తి మీద వదిలిన చిన్న మచ్చ, రక్తంలో హెపటైటిస్ బి ఆనవాలు, హెచ్‌ఐవీ అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి. కారణం గోప్యంగా ఉండటం అవసరమే. అయితే కారణం చెప్పని తీర్పు అనుమానానికి తలుపు తెరుస్తుంది. ప్రయాణం పక్కా అని అందరికీ చెప్పుకున్న మనిషి ఆగిపోతే, ఆగిన కారణాన్ని ఊరు తనంతట తానే పూరిస్తుంది, అందులో అతి చెడ్డదాన్నే ఎంచుకుంటుంది. అలా హెచ్‌ఐవీ లేనివాడి మీద కూడా దాని నీడ పడుతుంది. ఉన్నవాడు దాన్ని దాచుకోవడానికి మరో జబ్బు పేరు అడ్డం పెట్టుకుంటాడు, మందు మొదలుపెట్టడం ఆలస్యం చేస్తాడు.

కువైట్ చేరాక తేలినవాళ్ల పరిస్థితి ఇంకా కఠినం. ఇంటి దగ్గర పరీక్షలో బయటపడకుండా అక్కడ బయటపడటానికి శాస్త్రీయమైన కారణాలు ఉన్నాయి. వైరస్ సోకిన తర్వాత కొన్ని వారాల పాటు ప్రతిరక్షకాలు పరీక్షకు అందవు, దాన్ని విండో పీరియడ్ అంటారు. లేదా వచ్చాకే సోకి, అకామా కోసమో మరో అవసరానికో చేసిన పరీక్షలో తేలవచ్చు. ఏ విధంగా తేలినా దారి ఒకటే, ‘సఫర్’. అరబ్బీలో ఆ మాటకు ప్రయాణం అని అర్థం, కార్మికుల వాడుకలో దేశం నుంచి పంపేయడం. ఆసియా వలస కార్మికుల ఆరోగ్యం మీద పనిచేసే కారామ్ ఏసియా 2007లో తప్పనిసరి పరీక్షల గురించి ప్రచురించిన నివేదిక ఈ తీరును నమోదు చేసింది. ఏ పరీక్ష చేస్తున్నారో చెప్పకుండా రక్తం తీయడం, ముందూ వెనకా కౌన్సెలింగ్ లేకపోవడం, ఫలితం కార్మికుడికంటే ముందు యజమానికో ఏజెంటుకో తెలియడం, జబ్బు పేరైనా తెలియకుండానే మనిషిని విమానం ఎక్కించడం అందులో ఉన్నాయి. సామాను సర్దుకునే వీలు, రావలసిన జీతం అడిగే వీలు లేకుండా దిగినవాడికి ఇక్కడి ఆసుపత్రికి చూపించడానికి ఒక్క చీటీ కూడా ఉండదు. పరీక్షకు, చికిత్సకు మధ్య ఉండాల్సిన వంతెనను ఈ పద్ధతి కూల్చేసింది. అందుకే ఇది ప్రజారోగ్య చర్య అనే వాదన నిలవదు. వైరస్‌ను ఆపాలనుకున్నవాళ్లు సోకిన మనిషికి దాని పేరైనా చెప్పి పంపుతారు.

ఆడవాళ్ల విషయంలో భారం రెట్టింపు. గోదావరి, కడప జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన స్త్రీలను కువైట్‌లో ఖద్దామా అంటారు. వాళ్ల సంపాదనతో ఇక్కడ ఇళ్లు లేచాయి, కూతుళ్ల పెళ్లిళ్లు జరిగాయి, అయినా వాళ్ల నడవడి మీద ఊరి కన్ను ఎప్పుడూ ఉంది. నాలుగు గోడల మధ్య పనిచేసే స్త్రీకి లైంగిక హింస ఎదురైతే ఫిర్యాదు చేసే దారులు తక్కువ. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 2009లో ఆసియా నుంచి అరబ్ దేశాలకు వెళ్లే వలస మహిళల హెచ్‌ఐవీ ముప్పు మీద ఇచ్చిన నివేదిక, ఆ ముప్పు వాళ్ల ప్రవర్తన కంటే వాళ్లు పనిచేసే పరిస్థితుల్లోనే ఎక్కువగా ఉందని చూపింది. భర్త నుంచి సోకినా, బలాత్కారం వల్ల సోకినా, తిరిగొచ్చిన స్త్రీని అడిగే ప్రశ్న ఒక్కటే, అక్కడ ఏం చేశావని. తెలుగు పల్లెల్లో చాలామంది భార్యలకు వైరస్ వచ్చింది పెళ్లి ద్వారానే అన్న వాస్తవం ఆ ప్రశ్న వేసేవాళ్ల చెవికెక్కదు.

వెనక్కి వచ్చిన మనిషి దిగిన నేల అప్పటికే భయంతో వేడెక్కి ఉంది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో 0.97 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు అంచనా వేసింది, దేశ సగటు 0.28 శాతం. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది. 2000ల తొలినాళ్లలో ముంబైలో ‘బల్బీర్ పాషా’ పేరుతో వచ్చిన ప్రచారం తెలుగునాట ‘పులిరాజా’ అయింది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని గోడలూ బోర్డులూ అడిగాయి. ఆ ప్రశ్న రాష్ట్రమంతా నోళ్లలో నానింది, కండోమ్ గురించి మాట్లాడటానికి దారి తెరిచింది. అయితే అది ముప్పును తిరుగుబోతు మగవాడి మీద పెట్టి చూపింది కాబట్టి, వైరస్ ఉన్న ప్రతి మనిషీ ఏదో చేసి తెచ్చుకున్నవాడే అన్న నమ్మకం కూడా గట్టిపడింది. పదేళ్ల పిల్లలు ‘పులిరాజా’ను తిట్టుగా వాడిన ఊళ్లలో, అదే వైరస్‌తో పుట్టిన పిల్లలు బడికి వెళ్లాల్సి వచ్చింది.

అప్పటి వివక్ష రూపాలు ఆ కాలంలో పనిచేసిన కార్యకర్తలందరికీ తెలిసినవే. వేరే పళ్లెం, వేరే గ్లాసు, పశువుల కొట్టం పక్కన మంచం. ఆసుపత్రిలో కేస్ షీటు మీద పెద్ద అక్షరాలతో రాయడం, మంచానికి గుర్తు తగిలించడం, ఆపరేషన్‌కు తేదీ ఇవ్వకుండా మరో ఊరికి పంపడం. భర్త చనిపోయిన మర్నాడే కోడలిని పుట్టింటికి తోలి ఆస్తిలో వాటా లేదనడం. శవాన్ని ముట్టడానికి మనుషులు దొరక్కపోవడం. వీటిలో ఆసుపత్రి వివక్ష చేసిన హాని ఎక్కువ. పామరుడి భయాన్ని పోగొట్టవలసిన తెల్లకోటే రెండు జతల చేతితొడుగులు వేసుకుని దూరంగా నిలబడితే, ఊరికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఎదురుదాడి కూడా ఈ నేల మీదే మొదలైంది. తెలుగు పాజిటివ్ వ్యక్తుల నెట్‌వర్క్ టీఎన్‌పీ ప్లస్ జిల్లా జిల్లాలో సంఘాలుగా అల్లుకుంది. ‘ఎయిడ్స్ రోగి’ అన్న మాటను తోసిపుచ్చి ‘హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు’ అన్న మాటను అధికారుల చేత పలికించింది ఇలాంటి సంఘాలే. కోర్టుల్లోనూ దారి పడింది. 1997లో బొంబాయి హైకోర్టు పని చేయగల స్థితిలో ఉన్న మనిషిని హెచ్‌ఐవీ ఒక్కటే కారణంగా ఉద్యోగంలోంచి తీసేయడం రాజ్యాంగ విరుద్ధమంది. 1998లో సుప్రీంకోర్టు ఒక కేసులో హెచ్‌ఐవీ ఉన్నవారి వివాహ హక్కు మీద చేసిన వ్యాఖ్యలు కలవరం రేపగా, 2002లో విస్తృత ధర్మాసనం అవి ఆ కేసుకు అవసరం లేనివని తేల్చింది. సింగరేణి ఆసుపత్రిలో ఎక్కించిన రక్తం వల్ల వైరస్ సోకిన ఒక మహిళ కేసులో 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పరిహారం ఇప్పించింది. అన్ని పరీక్షలూ నెగ్గిన అభ్యర్థిని హెచ్‌ఐవీ ఉందని పోలీసు కొలువుకు తీసుకోకపోవడాన్ని కూడా అదే హైకోర్టు తప్పుబట్టింది.

ఈలోగా జబ్బు స్వభావమే మారిపోయింది. 1996లో మూడు మందుల కలయికతో చికిత్స వచ్చింది. 2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం, వ్యాప్తి ఎక్కువగా ఉన్న ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాల్లో ఏఆర్‌టీ అనే ఈ చికిత్సను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి రోగనిరోధక కణాల లెక్క సీడీ4తో పని లేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు ఇస్తున్నారు. రోజూ మాత్ర వేసుకుంటూ రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గిన మనిషి నుంచి లైంగికంగా మరొకరికి సోకదని పెద్ద పరిశోధనలు నిర్ధారించాయి. సబ్హాన్ కర్మాగారంలో పాలడబ్బాలు పేర్చే పనికి, రాయచోటి మనిషి ఒంట్లో అదుపులో ఉన్న వైరస్ అడ్డం కాదు. గల్ఫ్ నియమావళి మాత్రం మందు లేని రోజుల్లో రాసిన తర్కం మీదే నడుస్తోంది.

ఇతర దేశాలు కదిలాయి. అమెరికా తన 22 ఏళ్ల ప్రవేశ నిషేధాన్ని 2010 జనవరిలో ఎత్తేసింది, చైనా అదే ఏడాది సడలించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో ఆమోదించిన 200వ నంబరు సిఫార్సు, వలస కార్మికులు సహా ఎవరికీ ఉద్యోగం కోసం హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి చేయకూడదని చెప్పింది. సిఫార్సు కాబట్టి దాన్ని పాటించాలని ఏ దేశాన్నీ కట్టిపడేయలేదు. 2019లో ఐక్యరాజ్య సమితి ఎయిడ్స్ సంస్థ లెక్కవేస్తే, ప్రవేశానికో నివాసానికో హెచ్‌ఐవీ ఆంక్షలు పెట్టే దేశాలు, ప్రాంతాలు కలిపి ఇంకా 48 ఉన్నాయి. కువైట్ వాటిలో ఒకటి.

భారతదేశంలో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. ఉద్యోగం, చదువు, వైద్యం, ఇల్లు, బీమా విషయాల్లో వివక్షను అది నిషేధిస్తుంది. ఎరుకతో ఇచ్చిన సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, కొలువు ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. ఉమ్మడి ఇంట్లో ఉండే హక్కును కూడా కాపాడుతుంది, పుట్టింటికి తోలేసిన కోడళ్లకు ఇది నేరుగా తగిలే నిబంధన. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రానికి ఒక అంబుడ్స్‌మన్ ఉండాలని చెబుతుంది.

ఈ చట్టం ఉన్న గడ్డ మీదే, హైదరాబాదులోని పరీక్షా కేంద్రాల్లో, పరాయి దేశపు కొలువు కోసం హెచ్‌ఐవీ పరీక్ష ప్రతిరోజూ తప్పనిసరిగా జరుగుతోంది. వీసా షరతు విదేశీ ప్రభుత్వానిది కాబట్టి పరీక్ష ఆగదు. అభ్యర్థి సంతకం చేస్తాడు, చేయకపోతే ప్రయాణం లేదు. అలాంటి సంతకాన్ని సమ్మతి అనడం మాటను సాగదీయడమే. కువైట్ నిబంధనను ఇక్కడి చట్టం మార్చలేదు, నిజమే. కానీ ఆ కేంద్రంలో కూర్చున్న మనిషికి పరీక్ష పేరు చెప్పడం, ఫలితాన్ని ఏజెంటుకు కాక అతడికే గుప్తంగా అందించడం, పాజిటివ్ అయితే ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రమైన ఐసీటీసీకి, అక్కడి నుంచి ఏఆర్‌టీ కేంద్రానికి దారి చూపడం ఇక్కడి చట్టం పరిధిలోని పనులే.

గల్ఫ్‌కు పోలేక ఆగిన మనిషికైనా, సబ్హాన్ నుంచి తిరిగొచ్చిన మనిషికైనా ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో మందు ఉచితం. ఏఆర్‌టీ తీసుకుంటున్నవారికి రెండు తెలుగు రాష్ట్రాలూ నెలవారీ పింఛను ఇస్తున్నాయి. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరుకు డబ్బు కట్టకుండా ఫోన్ చేయవచ్చు, పేరు చెప్పాల్సిన అవసరం లేదు. అయినా సొంత ఊరి కేంద్రం వదిలి, తెలిసిన ముఖం ఎదురుపడదన్న నమ్మకంతో పక్క జిల్లాకు బస్సెక్కి వెళ్లి మందు తెచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మాత్రల సీసా మీది కాగితం చింపేసి, వేరే డబ్బాలో పోసి ఇంటికి పట్టుకెళతారు.